వాపసు కౌంటరు దగ్గర మావయ్య

జూన్ 4

మావయ్యా,

నమస్కారం చివర్లో పెడతాను, ముందు పోట్లాట.

ఫోను ఆపేసి పెట్టెలో ఎందుకు పెట్టావు? అమ్మా నేనూ వంతులేసుకుని చేసి చేసి విసిగిపోయాం. చివరికి మీ దర్జీ షాపు ఓనరుకు చేస్తే, "మిషను ముందు కూర్చున్నంతసేపూ మీ మావయ్య బాగానే ఉంటాడమ్మా, లేస్తేనే బాగుండడు" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మ అన్నం కెలికి వదిలేస్తోంది.

జరిగిందంతా ఆయనే చెప్పాడు. నీకు బహుమతిగా కొత్త కుట్టుమిషను వచ్చిందని ఎవరో ఇంగ్లీషులో ఫోను చేశారట. రవాణా ఖర్చులని, పన్నులని విడతలు విడతలుగా లాగి, సొంత మిషను కోసం నువ్వు దాచుకున్నదంతా ఊడ్చుకుపోయారట. పోయింది పోయింది, దాని గురించి నేను ఒక్క మాట కూడా అనను. నన్ను కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. మన భాష తెలియని ఆ ఊళ్ళో అప్పట్నుంచి నువ్వు ఏ కొట్లోనూ అడుగు పెట్టడం లేదట. బండి దగ్గర వేలు చూపించి బ్రెడ్డూ అరటిపళ్ళూ కొనుక్కుని కాలక్షేపం చేస్తున్నావట. తెగిన చెప్పుల్ని కోటు గుండీల దారంతో కుట్టుకుని తొడుక్కుంటున్నావట. ఏం మావయ్యా ఇది?

పెద్దవాళ్ళకు సాయంత్రం క్లాసుల్లో ఇంగ్లీషు చెప్పి బతుకుతున్న దాన్ని. ఊరందరికీ చెప్పి సొంత మావయ్యను గాలికొదిలేశాను. ఇక మీదట ఉత్తరంలోనే నీకు పాఠం. తప్పించుకోలేవు.

మొదటి మాట, "జస్ట్ లుకింగ్." ఊరికే చూస్తున్నాను అని. కొట్లోకి వెళ్ళగానే ఎవరైనా మీద పడితే ఈ మాట అని, నవ్వి, ముందుకు నడువు. కొనకుండా బయటికి రావడం నేరం కాదు. "హౌ మచ్" అంటే ధర ఎంత అని. "ఎనీ డిస్కౌంట్" అంటే ఏమైనా తగ్గిస్తారా అని. వాళ్ళు "ఫిక్స్‌డ్ ప్రైస్" అంటే ఇక్కడ బేరాల్లేవు అని అర్థం, నిన్ను తిట్టినట్టు కాదు. వద్దనుకుంటే "నో థాంక్యూ." ఇంతే.

భయం పోవడానికి మా క్లాసు వాళ్ళ చేత నేనేం చేయించేదాన్నో తెలుసా? పెద్ద సామాన్ల దుకాణంలో కొన్నవి తిరిగి తీసుకునే వాపసు కౌంటరు ఉంటుంది. ఒకే ఒక్క ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని అందరం అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఒకరి తర్వాత ఒకరు దాన్నే కౌంటరు మీద పెట్టి, "దిస్ ఈజ్ బ్రోకెన్, ఐ వాంట్ టు రిటర్న్ ఇట్" అనాలి. బకెట్టుకు ఏ జబ్బూ లేదు. అయినా కౌంటరులో ఉండే ఆయన ప్రతిసారీ దాన్ని మొదటిసారి చూస్తున్నట్టే తిప్పి తిప్పి చూసి, "ఐ యామ్ సారీ. షల్ ఐ ఎక్స్‌ఛేంజ్ ఇట్?" అని అడిగేవారు. మా క్లాసులో చదువుకునే నత్తి బామ్మ గారు వాక్యం పూర్తి చేసేదాకా వెనక క్యూని కూడా ఆపేవారు. కొట్లలో అలాంటి వాళ్ళూ ఉంటారు మావయ్యా.

ఇప్పుడు పెడుతున్నాను, నమస్కారం.

నీ మేనకోడలు

జూన్ 13

పంతులమ్మ గారికి వెనక బెంచీ మావయ్య దండం పెట్టి రాస్తున్నది.

బెత్తం కనిపించడం లేదు గానీ దెబ్బ బాగానే తగిలింది. అక్కతో చెప్పు, నాకేం జబ్బు లేదని. సిగ్గు, అంతే. అది మందులకు తగ్గేది కాదు కదా.

అసలు నేనెలా పడ్డానో చెప్తాను, నవ్వకు. ఆ ఫోనులో వాడు నన్ను "సర్" అన్నాడు. ఈ ఊరొచ్చాక నన్ను "టైలర్" అన్నవాళ్ళున్నారు, "హలో" అన్నవాళ్ళున్నారు, వేలితో పిలిచినవాళ్ళున్నారు. మాట మాటకీ "సర్, సర్" అంటూ అంత మర్యాదగా మాట్లాడిన వాడు వాడొక్కడే. వాడేం అడిగినా "ఎస్, ఎస్" అన్నాను. ఇంగ్లీషులో నాకు వచ్చిన మాట అదొక్కటే మరి. ఇప్పుడు ఏ కొట్టు గుమ్మం దగ్గర నిలబడినా నా "ఎస్, ఎస్" నాకే వినిపిస్తుంది. కాళ్ళు ఇంటి వైపు తిరిగిపోతాయి.

అయినా నీ మాట కాదనలేక ఆదివారం సబ్బుల కొట్టుకు వెళ్ళాను. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. అదే సగం బెదరగొట్టింది. నీలం చొక్కా అమ్మాయి ఎదురొచ్చి గడగడా ఏదో అంది. "జస్ట్ లుకింగ్" అన్నాను. ఆశ్చర్యం, వెళ్ళిపోయింది! నీ మంత్రం పనిచేసింది. కొట్టంతా కలియదిరిగి, సబ్బులన్నీ వాసన చూసి, ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను. ఎవరూ నన్ను దొంగను చూసినట్టు చూడలేదు. నెలల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

ఒక అనుమానం. చెప్పుల కొట్టు మీద సగం ధర అని బోర్డు ఉంది. దాని ముందు చీమలంత అక్షరాలు కూడబలుక్కుంటే "అప్ టు" అని ఉంది. అదేమిటి? మా పనిలోనూ లోపలి వైపు చిన్న కుట్లు ఉన్నచోటే అసలు సంగతి ఉంటుంది, అందుకని అడుగుతున్నాను.

వెనక బెంచీ

జూన్ 21

మావయ్యా,

శభాష్. నీ ఉత్తరం అమ్మకు గట్టిగా చదివి వినిపించాను. సబ్బులు వాసన చూసిన దగ్గర పకపకా నవ్వింది. ఎన్నాళ్ళయిందో అమ్మ అలా నవ్వి.

"అప్ టు" దగ్గర ఆగిన నీ కంటికి నూటికి నూరు మార్కులు. "అంతవరకు" అని అర్థం. సగం దాకా తగ్గిస్తాం అన్నారు గానీ సగం తగ్గిస్తామనలేదు. ఎక్కడో మూల ఒక జత సగం ధరకు ఉంటుంది, అదీ నీ కాలికి పట్టదు. "క్లియరెన్స్" అంటే సరుకు ఖాళీ చేస్తున్నారని. నిజంగా చవగ్గా దొరకొచ్చు గానీ "నో రిటర్న్" అని రాసుందేమో చూసుకో, అలా ఉంటే వాపసు తీసుకోరు. ఏం కొన్నా "రిసీట్" అడుగు, అదే నీకు సాక్ష్యం.

ఈసారి అసలు పాఠం మోసగాళ్ళది. "లిమిటెడ్ ఆఫర్, ఓన్లీ టుడే" అని తొందరపెడితే అనుమానించు. "ఫ్రీ గిఫ్ట్" అంటే ఇంకా అనుమానించు. మన సంగతులన్నీ ముందే తెలిసినట్టు మాట్లాడతారు. మనవాళ్ళ పేరు చెప్తారు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటారు. గొంతో రాతో ఎందుకు మారిందని అడిగితే ఏదో సాకు సిద్ధంగా ఉంటుంది. మనిషి పెద్దమనిషిలా కనిపించాడని మెత్తబడకు, చక్కటి చొక్కా ఎవరైనా తొడుక్కుంటారు. "నాట్ ఇంట్రెస్టెడ్" అని తలుపు వేసెయ్.

ఇన్ని వద్దులు చెప్పాక ఒక సరే కూడా చెప్పాలి కదా. అన్నీ చూసుకున్నాక, తిరగేసి మరగేసి నచ్చాక, "ఐ విల్ టేక్ ఇట్" అనాలి. ఇది నేను తీసుకుంటాను అని. అదంటే బేరం ముగిసినట్టే, ఇక వెనక్కి పోకూడదు. అందుకే మనసు కుదిరాకే అను.

నీ పంతులమ్మ

జూలై 2

పంతులమ్మ గారికి,

నువ్వు చెప్పినవన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి, తలుపుకు లోపలి వైపు అంటించాను. తొందర, ఉచితం, రహస్యం, మనవాళ్ళ పేరు, సాకు. మన భాష రాని ఎదురింటి ఆస్పత్రి నర్సమ్మ అదేమిటో సైగలతో తెలుసుకుని మెచ్చుకుని, తనకూ ఒకటి రాసిపెట్టమంది. ఏ భాషలో అన్నాను. "మీ భాషలోనే రాయండి, దొంగలు భయపడతారు" అని సైగలు చేసి నవ్వింది.

సబ్బు కొన్నాను. దారాలు కొన్నాను. "హౌ మచ్" అన్నాను, రిసీట్ అడిగి పుచ్చుకున్నాను. కానీ చెప్పుల దగ్గర ఓడిపోతున్నాను అమ్మాయీ. మూడు కొట్లు తిరిగాను. ఒకచోట నల్ల జత తొడిగి అటూ ఇటూ నడిచాను కూడా. కాలికి అతికినట్టు ఉంది. అట్టపెట్టెలో పెట్టమంటారా అన్నట్టు అతను చూశాడు. నువ్వు చెప్పిన ఆ చివరి మాట నాలిక మీదికొచ్చింది, గొంతులో ఆగిపోయింది. మళ్ళీ ఆ ఫోనువాడు చెవిలో "సర్" అన్నట్టయింది. చెప్పులు విప్పేసి "జస్ట్ లుకింగ్" అని వచ్చేశాను.

కాదనడం నేర్పావు, బాగానే వచ్చింది. సరేననడం మాత్రం నాకు మళ్ళీ వస్తుందో రాదో.

వెనక బెంచీ

జూలై 9

పూజ్యులైన మావయ్య గారికి,

కుడి చెయ్యి బెణికి కట్టు కట్టారు, రాయలేను. అందుకని మా క్లాసుల ఆఫీసులో గుమాస్తా గారి చేత టైపు చేయిస్తున్నాను. ఒక అత్యవసరమైన విషయం. వచ్చే ఆదివారం ఒక వ్యక్తి మీ ఇంటికి వస్తారు. మన సంగతులన్నీ ఆయనకు తెలుసు. దయచేసి లోపలికి పిలిచి కాసేపు మాట్లాడండి. ఎవరు, ఎందుకు అన్నది తర్వాత రాస్తాను. అప్పటిదాకా అమ్మకు మాత్రం చెప్పకండి.

ఇట్లు,
మీ మేనకోడలు

జూలై 16

నా బంగారు పంతులమ్మకు,

నీ శిష్యుడు పరీక్ష పాసయ్యాడు!

కూర్చుని చదువు. నీ పేరుతో ఒక దొంగ ఉత్తరం వచ్చింది. టైపు చేసి ఉంది. చెయ్యి బెణికిందట, అదీ సాకు! నన్ను "మీరు" అంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నువ్వు నన్ను మీరన్నావా? అర్జంటట, అక్కకు చెప్పకూడదట. చదువుతూ తలుపు మీది అట్ట వంక చూశాను. ఒక్కటీ పోకుండా అన్నీ కలిశాయి.

ఆదివారం పొద్దున సరిగ్గా ఒకడు దిగాడు. ముప్పై ఏళ్ళుంటాయి, సన్నగా, పొడుగ్గా. గుమ్మంలో చేతులు జోడించి నన్ను "మావయ్యా" అన్నాడు! మన భాషలో అదొక్క ముక్కే వచ్చు వాడికి. ముక్కూ మొహం తెలియని వాడికి నేను మావయ్యనట. నీ పేరు చెప్పాడు. నాకు చిక్కటి టీ ఇష్టమని కూడా తెలుసు. ఎక్కడ కూపీ లాగారో! చేతిలో ఒక అట్టపెట్టె, దాని మీద కరెంటు కెటిల్ బొమ్మ. "ఫర్ యూ, సర్" అన్నాడు. సర్ అనేసరికి నా ఒళ్ళు మండిపోయింది. "హౌ మచ్?" అన్నాను. "నో, నో, ఫ్రీ" అన్నాడు. ఇంకేం కావాలి!

"నో థాంక్యూ. నాట్ ఇంట్రెస్టెడ్. నో ఆఫర్. ఐ కాల్ పోలీస్" అని ఉన్నదంతా గుక్క తిప్పుకోకుండా చదివేశాను. మొహం మీదే తలుపు వేశాను. బయటి నుంచి "ఐ యామ్ సారీ, సర్" అని మెల్లగా అన్నాడు. పెట్టె గుమ్మం పక్కన పెట్టి దిగి వెళ్ళిపోయాడు. నేను దాన్ని ముట్టుకోలేదు.

ఒక్కటే కాస్త పీకుతోంది. వాడి చొక్కా కాలరు అరిగితే విప్పి, తిప్పి మళ్ళీ కుట్టి ఉంది. అలా తిప్పి కుట్టించుకునే వాడు సాధారణంగా దుబారా మనిషి కాదు, దొంగా కాదు. కానీ చొక్కా చూసి మెత్తబడొద్దని నువ్వే రాశావు కదా, అందుకని నా కంటిని నమ్మలేదు.

నీ పేరు వాడుకుంటున్నారు గనక అక్కకు కూడా ఆ రోజే ఉత్తరం వేశాను. ఇలా ఒక మోసగాడు తిరుగుతున్నాడు, పొడుగ్గా సన్నగా ఉంటాడు, గడప తొక్కనివ్వొద్దు అని వర్ణనతో సహా రాశాను. నువ్వేం బెంగపెట్టుకోకు.

పరీక్ష పాసైన మావయ్య

జూలై 24

మావయ్యా,

చెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది. అయినా నా రాత నీకు కనిపించాలని నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది సాకు కాదు.

ఆ టైపు ఉత్తరం నాదే. నిజంగానే మెట్ల మీద జారి చెయ్యి బెణికింది. గుమాస్తా గారి ముందు కూర్చుని, "మావయ్యా, నేనొకతన్ని ఇష్టపడుతున్నాను, వస్తాడు, చూడు" అని ఎలా చెప్పమంటావు? ఆయనకు చెప్తే ఊరంతా దండోరా వేయించినట్టే. నిన్ను మీరనిపించింది కూడా ఆయనే, పెద్దవాళ్ళకు అలాగే రాయాలని.

నువ్వు తలుపు వేసింది ఎవరి మొహాన్నో తెలుసా? బకెట్టు కౌంటరు ఆయన. మా ఊరి దుకాణం నుంచి మీ ఊరి దుకాణానికి బదిలీ అయ్యారు. అక్కడా వాపసు కౌంటరే. వెళ్ళేముందు రోజు నేను ఒక్కదాన్నే బకెట్టు పట్టుకుని వెళ్ళాను. ఆ రోజు ఆయన దాన్ని తిరిగి ఇవ్వలేదు, గుర్తుగా ఉంచుకుంటానన్నారు. "మావయ్యా" అనడం నేర్పింది నేనే. టీ సంగతి చెప్పింది నేనే. కెటిల్ ఆయన తన జీతంతో కొన్నారు.

అమ్మకు ఇంతకు ముందే కొంచెం చెప్పాను. ఆమె అన్నది ఒకటే. "భాష కానివాడు, ఊరు కానివాడు, నాకేం తెలుస్తుంది? మా తమ్ముడు చూసి సరేనంటే నాకూ సరే. మనుషుల విషయంలో వాడి కన్ను తప్పదు." అందుకే ఆయనెవరో ముందు చెప్పకుండా, ఏ మొహమాటమూ లేకుండా నీ కంటితో చూడాలనుకున్నాను. ఆయన నీ దగ్గరికి వచ్చిన సంగతి అమ్మకు నేనే సమయం చూసి చెప్దామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది, వర్ణనతో సహా. నేను దాచిన ఫొటో తీసి ఉత్తరం పక్కన పెట్టి చూసింది. "నా తమ్ముడు గడప తొక్కనివ్వని మనిషి నాకొద్దు" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మావయ్య పొరబడ్డాడని నేనంటే, "నీ ఇష్టం కోసం నా తమ్ముణ్ణి తక్కువ చేయకు" అంటోంది.

ఏడ్చాను మావయ్యా. దాచడం ఎందుకు, నీ మీద కోపంతో కూడా ఏడ్చాను. తర్వాత ఆయన రాసిన ఉత్తరం వచ్చింది. అందులో నీ మీద ఒక్క నిష్ఠూరం లేదు. "ఫ్రీ అని ఉండాల్సింది కాదు, తప్పు నాది. మీ శిష్యుల్లో ఇంత బాగా పాఠం అప్పజెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు" అని రాశారు. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

నా పాఠాలే నా కొంప ముంచాయి. నీకున్న మంచి కంటిని కూడా నేనే మూయించాను. ఇక పాఠాలు లేవు. ఆయన నీకు నిజంగా నచ్చకపోతే ఆ మాటే రాయి, ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారి చూసి రాయి.

నీ మేనకోడలు

ఆగస్టు 3

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేశాను. చేతిలో ఉన్న ప్యాంటుకు ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అలాగే ఉండిపోయింది. ఓనరు ఏమిటని అడిగేలోపే బయటికి వచ్చి నిలబడ్డాను. చిన్నప్పుడు నా కత్తెరతో ఆడుకుని వేలు కోసుకున్నావు, గుర్తుందా? అప్పుడు కూడా నిన్ను ఇంత ఏడిపించలేదు నేను.

కెటిల్ పెట్టెను ఎదురింటి నర్సమ్మ తీసి దాచిందట. అడగ్గానే ఇచ్చింది. మర్నాడు సెలవు పెట్టి, అది చంకలో పెట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళాను. అది కొట్టు కాదమ్మాయీ, ఒక ఊరు. లోపల దారి తప్పాను. "జస్ట్ లుకింగ్" అంటే పనికిరాదని "రిటర్న్, రిటర్న్" అని అడుగుతూ వెళ్ళాను. ఒక్కొక్కరూ చెయ్యి చూపించారు. ఎవరూ కసురుకోలేదు.

క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. అతనే. నన్ను గుర్తుపట్టాడు, మొహంలో రంగు మారింది. అయినా కౌంటరు మీద పెట్టె పెట్టగానే, మొదటిసారి చూస్తున్నట్టే తిప్పి తిప్పి చూశాడు. "ఈజ్ దేర్ ఎ ప్రాబ్లమ్, సర్?" అన్నాడు. సర్ అంటే ఈసారి ఒళ్ళు మండలేదు.

అద్దం ముందు నిలబడి క్షమాపణ తయారు చేసుకునే వెళ్ళాను. కానీ నాకు వచ్చిన ఇంగ్లీషంతా కొట్టు ఇంగ్లీషే కదా. ఉన్నదాంతోనే మొదలుపెట్టాను. "కెటిల్ నో ప్రాబ్లమ్. కస్టమర్ ప్రాబ్లమ్. కస్టమర్ బ్రోకెన్" అని నా గుండె మీద వేలు పెట్టి చూపించాను. వెనక క్యూలో ఎవరో నసుగుతుంటే అతను చెయ్యెత్తి ఆపాడు. నేను మాటలు వెతుక్కుంటున్నంతసేపూ అలాగే నిలబడ్డాడు. మీ నత్తి బామ్మ గారి కోసం నిలబడినట్టే అనుకుంటాను.

"యూ వాంట్ టు రిటర్న్ ఇట్, సర్?" అని అడిగాడు. అప్పుడు దగ్గర్నుంచి చూశాను. అదే చొక్కా. కాలరు తిప్పి కుట్టింది మిషనుతో కాదు, చేత్తో. కుట్లు పోగు తప్పలేదు గానీ ఎడమవైపు కొంచెం వంకర. అంటే దర్జీకి ఇవ్వలేదు, తనే కూర్చుని ఓపిగ్గా కుట్టుకున్నాడు. తిరగేసి మరగేసి చూడమన్నావు కదా. చూశాను. నాకు ఇంకేం చూడక్కర్లేకపోయింది.

"నో రిటర్న్" అన్నాను. "ఐ విల్ టేక్ ఇట్."

అతను కెటిల్ అనుకుని పెట్టె నా వైపు జరిపాడు. నేను తల అడ్డంగా ఊపి, పెట్టె పక్కకు తోసి, వేలు అతని మీద పెట్టి, నీ పేరు చెప్పి, మళ్ళీ అన్నాను, "ఐ విల్ టేక్ ఇట్" అని. ఆ మాట గొంతులో ఆగలేదమ్మాయీ. అతనికి అర్థమయ్యాక రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి తల దించేసుకున్నాడు. కాసేపటికి తల ఎత్తి "మావయ్యా" అన్నాడు. ఇద్దరికీ వచ్చిన మాటలు అక్కడితో అయిపోయాయి. కళ్ళు తుడుచుకుని ఇద్దరం పక్కకు తప్పుకుంటే గానీ క్యూ కదల్లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఆ కెటిల్‌లోనే టీ పెట్టాను. కాలరు వంకర సరిచేస్తానంటే మొహమాటపడ్డాడు. విప్పించి కుట్టి పంపాను. తలుపు మీది అట్ట చూసి ఏమిటని అడిగితే, నీ పేరు చెప్పి నవ్వాను. అది తీయలేదు, మంచి అట్టే అది. కింద ఒక గీత గీసి, "ముందు మనిషిని చూడు" అని రాశాను.

అక్కకు వేరే ఉత్తరం వేశాను. ముందు రాసింది చించెయ్యమని, నా కన్ను తప్పలేదని, తొందరపడింది నోరేనని. ఈ పాటికి అందే ఉంటుంది. నీ చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టించుకో. ఫోను పెట్టెలోంచి తీసి ఆన్ చేశాను. నువ్వు చేస్తే మాత్రం, అది నువ్వేనని తేలడానికి మొదట చిన్నప్పుడు నాకు పెట్టిన తిట్టు పేరు ఏమిటో చెప్పమంటాను, ఏమీ అనుకోకు.

దుకాణం నుంచి తిరిగి వస్తూ చెప్పుల కొట్లోకి వెళ్ళాను. ఆ నల్ల జత ఇంకా అక్కడే ఉంది. రెండోసారి ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది.

కొత్త చెప్పుల్లో నీ మావయ్య